ఎర్ర అంగీ వేసుకున్నవాళ్లంతా కార్డినళ్లేనా? క్యాథలిక్ ఫొటోలను చదవడం ఎలా

2025 ఏప్రిల్ 26న పోప్ ఫ్రాన్సిస్ అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు వచ్చిన ఫొటోల్లో శవపేటిక చుట్టూ వరుసల కొద్దీ ఎర్ర అంగీలు. సరిగ్గా 11 రోజులకు, మే 7న, కార్డినళ్లు, అంటే పోప్ తర్వాతి హోదా ఉన్న మతగురువులు, కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లోకి నడిచి వెళ్తున్న ఫొటోలు వచ్చాయి. అక్కడా ఎరుపే. మే 18న పోప్ పద్నాలుగో లియో బాధ్యతలు స్వీకరించిన పూజలో అదే కార్డినళ్లు తెలుపు, బంగారు రంగుల్లో కనిపించారు. చావు దగ్గర ఎరుపేమిటి, ఎన్నికకూ అదే రంగేమిటి, మూడు వారాల్లోనే అంతా తెల్లబడటమేమిటి అని చాలామంది తికమకపడ్డారు.

క్లుప్తంగా: క్యాథలిక్ ఫొటోలో కనిపించే రంగుకు రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి మనిషి హోదా, రెండోది ఆ రోజు సందర్భం. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. చర్చి లోపలి ఫొటో అయితే బలిపీఠం (పూజ జరిగే బల్ల) ఎక్కడుంది, గురువు (పూజ చేసే ఫాదర్) ఎటు తిరిగి ఉన్నారు అన్నది ముందు చూడాలి. తంతుల ఫొటోల్లో దొరికేది ఒక్క క్షణమే కాబట్టి, దాని ముందూ వెనకా జరిగింది తెలియకపోతే బొమ్మ తప్పుదారి పట్టిస్తుంది.

## ఒకే రంగు, రెండు లెక్కలు

ఏప్రిల్ 26 నాటి ఎరుపు సందర్భానిది. దివ్యబలి పూజ (మాస్) చేసేటప్పుడు మామూలు గురువు అయినా, బిషప్ అయినా, పోప్ అయినా అన్నిటికంటే పైన చాజుబుల్ అనే వదులైన అంగీ వేసుకుంటారు. దాని రంగుకు, వేసుకున్న మనిషి హోదాకు సంబంధం లేదు. రంగును నిర్ణయించేది పూజా క్యాలెండర్. క్రిస్మస్, ఈస్టర్ కాలాల్లో తెలుపు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలోనూ, ఈస్టర్‌కు ముందు వచ్చే తపఃకాలంలోనూ ఊదా. గుడ్ ఫ్రైడేకి, పెంతెకోస్తు పండుగకు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల పండుగలకు ఎరుపు. ఏ ప్రత్యేకతా లేని మామూలు వారాల్లో ఆకుపచ్చ. ఏడాదిలో ఎక్కువ భాగం దీనిదే. గులాబీ రంగు మాత్రం ఏడాదికి రెండే ఆదివారాలు, ఆగమన కాలంలో మూడోదీ తపఃకాలంలో నాలుగోదీ. ఎప్పుడో గానీ కనిపించదు కాబట్టే ఆ రెండు రోజుల ఫొటోలు చూసి జనం ఇదేం రంగు అని ఆగిపోతారు.

మామూలు మనిషి అంత్యక్రియలకు ఊదా, నలుపు, కొన్ని దేశాల్లో తెలుపు వాడతారు. పోప్ చనిపోతే ఎరుపు వాడటం పాత ఆచారం. రక్తం చిందించి చనిపోయిన అపొస్తలులకూ వేదసాక్షులకూ కేటాయించిన రంగు అది. క్యాథలిక్కుల దృష్టిలో పోప్ అంటే యేసు అపొస్తలుడైన పీటర్ వారసుడు. అందుకే ఫ్రాన్సిస్ దేహానికి కూడా ఎర్ర అంగీనే తొడిగారు.

మే 7 నాటి ఎరుపు లెక్క వేరు. అది హోదా రంగు. కార్డినళ్లకు ఎర్ర టోపీ ఇచ్చే పద్ధతిని 1245లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ మొదలుపెట్టారు. వెడల్పాటి అంచు, వేలాడే కుచ్చులు ఉన్న ఆ పాత టోపీని 1969లో రద్దు చేశారు. రంగు మాత్రం మిగిలింది. విశ్వాసం కోసం రక్తం చిందించడానికైనా సిద్ధంగా ఉండాలన్నది దాని అర్థమని కార్డినళ్లను నియమించే తంతులోనే చెబుతారు.

ఫొటోలో ఈ రెండు ఎరుపులనూ విడదీయడం కష్టమేమీ కాదు. బట్ట ఏ ఆకారంలో ఉందో చూస్తే చాలు. గుండీలు లేకుండా భుజాల మీంచి వదులుగా జారే అంగీ అయితే పూజ దుస్తు, అంటే సందర్భం. మెడ నుంచి పాదాల దాకా గుండీల వరుస, దాని మీద తెల్లని లేసు చొక్కా, భుజాలను కప్పే పొట్టి కేప్ ఉంటే హోదా. కాన్‌క్లేవ్ (పోప్ ఎన్నిక సమావేశం) ఊరేగింపులో కార్డినళ్లు వేసుకున్నది ఈ రెండో రకం.

ఊదా రంగుతోనూ ఇదే చిక్కు. బిషప్‌ల అంగీ, చిన్న గుండ్రటి టోపీ ఊదా ఛాయలో ఉంటాయి. తపఃకాలంలో గురువుగా పట్టం పొంది ఇంకా ఏడాది కూడా కాని కుర్రవాడు కూడా ఊదా చాజుబుల్ వేసుకుంటారు. ఆయన ఫొటో కింద ‘బిషప్’ అని రాసేస్తే పొరపాటే. బిషప్ అయితే తల మీద టోపీ, వేలికి ఉంగరం, ఛాతీ మీద సిలువ ఉంటాయి. పూజలో ఉంటే మైటర్ అనే ఎత్తయిన టోపీ, చేతిలో వంకీ కర్ర అదనం.

తెలుపైతే మరీ గందరగోళం. పోప్ రోజూ వేసుకునేది తెల్ల అంగీ. కానీ వేడి దేశాల్లో మామూలు గురువులు కూడా నల్ల అంగీకి బదులు తెల్లదే వేసుకుంటారు. డొమినికన్ సభ అనే సన్యాసుల సంఘం వాళ్ల దుస్తులూ తెల్లవే. పోప్‌ల తెల్ల బట్టలకు డొమినికన్ అయిన ఐదో పయస్ ఆద్యుడని తరచూ చెబుతారు గానీ, అంతకు ముందు పోప్‌లు కూడా తెలుపు వేసుకున్నారు కాబట్టి ఆ కథను పూర్తిగా నమ్మనక్కర్లేదు. 2013 మార్చి 23న అయితే ఒకే ఫొటోలో ఇద్దరు తెల్ల అంగీల్లో కనిపించారు. ఒకరు కొత్త పోప్ ఫ్రాన్సిస్, మరొకరు అప్పుడే పదవి వదులుకున్న పదహారో బెనెడిక్ట్. బెనెడిక్ట్ తెలుపును ఉంచుకున్నా, భుజాల మీది పొట్టి కేప్ తీసేశారు. పదవిలో ఉన్నదెవరో చెప్పడానికి ఆ చిన్న గుడ్డ ముక్కే గుర్తయింది.

## బాల్కనీలో ఇద్దరు

ఎన్నికైన వెంటనే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి బాల్కనీలో నిలబడ్డ పోప్‌ల ఫొటోలను పక్కపక్కన పెట్టి పోల్చడం మీడియాకు అలవాటే. 2013 మార్చి 13న ఫ్రాన్సిస్ ఒట్టి తెల్ల అంగీతో వచ్చారు. ఆశీర్వాదం ఇచ్చేటప్పుడు మాత్రం స్టోల్ అనే పొడవాటి పట్టీ మెడలో వేసుకుని, అయిపోగానే తీసేశారు. 2025 మే 8న పద్నాలుగో లియో ఎర్ర కేప్, స్టోల్ రెండూ వేసుకుని వచ్చారు. అంతే, ఒకరు సంస్కర్త, ఇంకొకరు సంప్రదాయవాది అంటూ టీవీ చర్చలు మొదలయ్యాయి.

దుస్తులకు అర్థం లేదని కాదు. 1963లో పోప్ ఆరో పౌల్‌కు మూడంతస్తుల కిరీటం పెట్టి పట్టం కట్టారు. మరుసటి ఏడాది నవంబరులో ఆయన దాన్ని బలిపీఠం మీద పెట్టి వదిలేశారు. 1978 నుంచి ఏ పోప్‌కూ కిరీటధారణ జరగలేదు. దాని బదులు పోప్‌లు అందుకుంటున్నది గొర్రె ఉన్నితో నేసిన పాలియం అనే తెల్ల పట్టీ, ఉంగరం. ఇది నిజంగానే పెద్ద మార్పు, ఫొటోల్లోనూ స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్ర కేప్ సంగతి అలా కాదు. దాన్ని వేసుకోవడమూ మానడమూ రెండూ పోప్ ఇష్టమే, నియమాలేవీ మారలేదు. మొదటి రోజు ఫొటో ఒక్కటి పట్టుకుని పాలన మొత్తాన్ని అంచనా వేయడం తొందరపాటు.

## బలిపీఠం ఎక్కడుంది?

మనుషుల ఫొటోల్లో రంగు ఎంత ముఖ్యమో, కట్టడాల ఫొటోల్లో బలిపీఠం అంత ముఖ్యం. గోపురాలు, రంగుటద్దాలు, శిల్పాలు చూపును లాగేస్తాయి గానీ, క్యాథలిక్ చర్చి ఆకారమంతా పూజ ఎలా జరుగుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. పూజ తీరు మారినప్పుడల్లా కట్టడమూ మారింది.

313లో రోమన్ సామ్రాజ్యం క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చాక పెద్ద చర్చిలు కట్టాల్సి వచ్చింది. అందుకు గుళ్ల నమూనా తీసుకోలేదు. రోమన్ దేవాలయంలో పూజ గుడి బయట జరిగేది, జనం లోపలికి వెళ్లాల్సిన పని లేదు. క్రైస్తవ పూజకు జనమంతా లోపలే ఉండాలి. అందుకే కోర్టులకు, వ్యాపారాలకు వాడే బసిలికా అనే పొడవాటి హాలును ఎంచుకున్నారు. అధికారి కూర్చునే అర్ధచంద్రాకారపు చివర దగ్గరికి బలిపీఠం వచ్చింది. రోమ్‌లోని సాంతా సబీనా చర్చి ఫొటోలో ఆ హాలు ఇప్పటికీ దాదాపు అలాగే కనిపిస్తుంది. అది 5వ శతాబ్దపు కట్టడం.

మధ్యయుగాల్లో బలిపీఠం జనానికి దూరంగా జరిగింది. చాలా చర్చిల్లో మధ్యలో అడ్డుతెరలాంటి గోడ కట్టారు. అవతల గురువులు, ఇవతల జనం. ప్యారిస్ దగ్గర సెయింట్ డెనిస్‌లో 1144 నాటికి మొదలైన గోతిక్ శైలి గోడలను పలచన చేసి వెలుగును లోపలికి తెచ్చింది గానీ, ఆ దూరాన్ని తగ్గించలేదు. తగ్గించింది ట్రెంట్ మహాసభ అనే బిషప్‌ల సభ తర్వాతి కాలం. 1545 నుంచి 1563 వరకు జరిగిన ఆ సభ తర్వాత, ప్రసంగం వినిపించాలి, పూజ కనిపించాలి అన్న ఆలోచన బలపడింది. 1568లో రోమ్‌లో మొదలైన జేసు చర్చిలో అడ్డుతెర లేదు. విశాలమైన ఒకే హాలు, ఎదురుగా బలిపీఠం. ఆ చర్చిని కట్టించిన జెస్యూట్ సభ గురువులు ఎక్కడికి వెళ్తే అక్కడికి ఈ నమూనా వెళ్లింది.

ఆ తర్వాతి పెద్ద మార్పు 1962–65 మధ్య జరిగిన రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. నేటి ఫొటోల్లో ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. అంతకు ముందు చాలా చర్చిల్లో బలిపీఠం వెనక గోడకు ఆనుకుని ఉండేది. గురువు, జనం అందరూ ఒకే దిక్కుకు తిరిగేవారు. కాబట్టి ఫొటోలో గురువు వీపు కనిపిస్తుంది. బలిపీఠం చుట్టూ తిరగడానికి, జనం వైపు తిరిగి పూజ చేయడానికి వీలుగా అది గోడకు ఎడంగా ఉండటం మంచిదని 1964 సెప్టెంబరులో వచ్చిన ఆదేశం చెప్పింది. దాంతో పాత చర్చిల్లో వెనక పాలరాతి బలిపీఠాన్ని అలాగే ఉంచి, ముందు కొత్త బల్ల పెట్టారు. ఒకే ఫొటోలో రెండు బలిపీఠాలు కనిపించడానికి కారణం ఇదే. కొత్తగా కట్టిన చర్చిల్లో ఆకారమే మారిపోయింది. 1967లో ప్రారంభమైన లివర్‌పూల్ మెట్రోపాలిటన్ కతీడ్రల్ గుండ్రంగా ఉంటుంది, బలిపీఠం నట్టనడుమ.

2019 ఏప్రిల్ 15 మంటల తర్వాత ప్యారిస్‌లోని నోత్రదామ్ చర్చి లోపల తీసిన ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బూడిద కుప్ప, పొగ, వెనకాల మెరుస్తున్న సిలువ. ‘బలిపీఠం చెక్కుచెదరలేదు’ అని ఎందరో రాశారు. అది సగం నిజం. సిలువ దగ్గర నిలిచి ఉన్నది వెనకటి పాత బలిపీఠం. మహాసభ తర్వాతి పద్ధతిలో ముందువైపు పెట్టుకుని రోజూ పూజకు వాడుతున్న బలిపీఠం శిథిలాల కింద నలిగిపోయింది. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరిచినప్పుడు కొత్త కంచు బలిపీఠం వచ్చింది. పనిలో పనిగా రాతి గోడలకు పట్టిన మసిని, దుమ్మును, సీసం (లెడ్) ధూళిని శుభ్రం చేశారు. ఆ ఫొటోలు చూసి ఇది కంప్యూటర్ బొమ్మలా ఉందే అన్నవాళ్లున్నారు. అంతకు ముందు కనిపించిన బూడిద రంగు రాయిది కాదు, మురికిది.

గురువు ఏ దిక్కుకు తిరిగారన్నది చూసి ఫొటో కాలాన్ని లెక్కగట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సెయింట్ పీటర్స్ బసిలికా ద్వారం తూర్పున ఉంటుంది, బలిపీఠం ఉన్న కొస పడమర. అక్కడ తూర్పుకు తిరిగి పూజ చేస్తే జనం వైపు తిరిగినట్టే అవుతుంది. కాబట్టి 1950ల నాటి ఫొటోలో పోప్ జనానికి ఎదురుగా ఉంటే సంస్కరణ ముందే వచ్చిందని కాదు.

ఈ దిక్కు గొడవ పాత చరిత్రేమీ కాదు. పాత లాటిన్ పూజకు 2007లో బెనెడిక్ట్ విస్తృతంగా అనుమతి ఇస్తే, 2021లో ఫ్రాన్సిస్ దానికి కళ్లెం వేశారు. అదే 2021లో కేరళ కేంద్రంగా ఉన్న సిరో మలబార్ శ్రీసభ (చర్చి) సినడ్, అంటే దాని బిషప్‌ల సభ, మధ్యేమార్గం ఒకటి నిర్ణయించింది. పూజలో మొదటి భాగం జనం వైపు, ప్రధాన ప్రార్థన బలిపీఠం వైపు తిరిగి చేయాలన్నది. పూజంతా జనం వైపే ఉండాలంటూ ఆ శ్రీసభలోని ఎర్నాకుళం-అంగమాలి అగ్రపీఠంలో (ఆర్చ్‌బిషప్ పరిధిలోని ప్రాంతంలో) గురువులు, విశ్వాసులు ఏళ్ల తరబడి నిరసన తెలిపారు. బయటివాళ్లకు ఇదంతా చిన్న విషయమనిపిస్తుంది. పూజ అంటే అందరూ కలిసి దేవుడి వైపు తిరగడమా, దేవుడి బల్ల చుట్టూ కుటుంబంలా చేరడమా అన్నది వాళ్ల మధ్య అసలు ప్రశ్న.

సిరో మలబార్ లాంటి తూర్పు శ్రీసభలు 23 ఉన్నాయి. పోప్‌తో ఐక్యంగా ఉంటూనే తమ సొంత పూజా విధానం పాటిస్తాయి. వాటిలో కొన్నింటిలో గడ్డాలున్న, పెళ్లైన గురువులు ఉంటారు. పవిత్ర చిత్రాలున్న తెర వెనక పూజ జరుగుతుంది. అలాంటి ఫొటో చూసి ఇది పోప్ అధికారాన్ని ఒప్పుకోని ఆర్థడాక్స్ చర్చి అని తేల్చేయకూడదు.

## కతీడ్రల్ అంటే పెద్ద చర్చి కాదు

రంగుల దగ్గర వచ్చిన పొరపాటే పేర్ల దగ్గరా వస్తుంది. కతీడ్రల్ అనేది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. బిషప్ అధికారిక ఆసనం, అంటే కతేద్రా, ఎక్కడ ఉంటే అది ఆ మేత్రాసనానికి, అంటే ఆ బిషప్ పరిధికి, కతీడ్రల్. ఎంత చిన్నదైనా సరే. బసిలికా పోప్ ఇచ్చే గౌరవ బిరుదు. పైగా అదే మాట పాత రోమన్ హాలు ఆకారానికీ వాడతారు. బార్సిలోనాలోని సగ్రాద ఫమీలియాను ఫొటోల కింద కతీడ్రల్ అని రాయడం మామూలైపోయింది. 2010 నవంబరు 7న బెనెడిక్ట్ ప్రతిష్ఠించి దాన్ని బసిలికా చేశారు. ఆ నగరపు కతీడ్రల్ వేరే ఉంది. అంతకంటే ఆశ్చర్యం, సెయింట్ పీటర్స్ కూడా రోమ్ కతీడ్రల్ కాదు. రోమ్ బిషప్‌గా పోప్ ఆసనం ఉన్నది సెయింట్ జాన్ లాటరన్‌లో.

## బోర్లా పడుకున్నవాళ్లు, ముసుగు వేసుకున్నవాళ్లు

తంతుల ఫొటోల్లో కొన్ని మొదటిసారి చూసేవాళ్లకు భయం కలిగిస్తాయి. తెల్ల బట్టలతో కొందరు యువకులు నేల మీద బోర్లా పడుకుని ఉంటే అది ఎక్కువగా గురుపట్టాభిషేకం, అంటే వాళ్లను గురువులుగా చేసే తంతు. వాళ్లు పడుకుని ఉండగా మిగతావాళ్లు పునీతుల (సెయింట్ల) పేర్లు పిలుస్తూ ప్రార్థిస్తారు. ఆ తర్వాత బిషప్ ఒక్కొక్కరి తల మీద మాటల్లేకుండా చేతులుంచుతారు. పట్టం కట్టే అసలు ఘట్టం అదీ, ఆపైన చదివే ప్రార్థన. కానీ ఫొటోగ్రాఫర్లకు నచ్చేది పడుకున్న దృశ్యమే, ఆ పక్కా వరుసలు పైనుంచి బాగా పడతాయి. అచ్చం అలాగే పడుకున్నది ఎర్ర అంగీలవాళ్లయి, వెనక బలిపీఠం మీద గుడ్డ, కొవ్వొత్తి ఏమీ లేకుండా బోసిగా ఉంటే అది గుడ్ ఫ్రైడే. ఆ రోజు దివ్యబలి పూజే ఉండదు.

స్పెయిన్‌లో పవిత్ర వారం ఊరేగింపుల ఫొటోలదీ ఇలాంటి కథే. పొడవైన మొనదేలిన టోపీ, కళ్ల దగ్గర రెండు రంధ్రాలు. అమెరికా జాత్యహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ గుర్తొచ్చి కోపంగా షేర్ చేసేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. సెవిల్‌లాంటి నగరాల్లో ఈ వేషం ఆ ముఠా పుట్టిన 1865 కంటే చాలా పాతది. తప్పుకు ప్రాయశ్చిత్తం చేసుకునే మనిషి ఎవరో తెలియకూడదన్నది ముసుగు ఉద్దేశం. అన్నట్టు, ఆ ముసుగులవాళ్లు గురువులు కారు. సంఘాలుగా ఏర్పడ్డ మామూలు జనం.

ఇక స్పెయిన్‌లోనే సాంతియాగో ది కంపోస్తేలా కతీడ్రల్‌లో ఊగే ధూపపాత్ర బోతఫుమేరో. ఫొటోలో గాల్లో వేలాడే వెండి గంటలా కనిపిస్తుంది, పరిమాణం అసలు అర్థం కాదు. బరువు 53 కిలోలు, తాళ్లు లాగడానికి ఎనిమిది మంది కావాలి.

## కెమెరా వెళ్లని చోట

ఈ తంతుల్లో కొన్నింటిని కెమెరాకు అందకుండానే ఉంచుతారు. కాన్‌క్లేవ్‌లో ‘అందరూ బయటికి’ అని లాటిన్‌లో చెప్పి తలుపు మూసేదాకానే ప్రసారం. 2025లో లోపల మిగిలింది ఓటు హక్కున్న 133 మంది. ఆ తర్వాత ప్రపంచానికి దొరికే బొమ్మ పొగగొట్టం ఒక్కటే. నల్ల పొగ వస్తే ఎవరూ ఎన్నిక కాలేదని, తెల్ల పొగ వస్తే పోప్ దొరికారని అర్థం. ఆ పొగ రంగు కూడా ఫొటోల్లో, టీవీల్లో సరిగా తేలక గతంలో గందరగోళం జరిగింది. అందుకే 2005 నుంచి రెండో పొయ్యి పెట్టి రసాయనాలతో రంగు తెస్తున్నారు, ఎన్నిక జరిగితే గంటలూ మోగిస్తున్నారు.

మామూలు రోజుల్లో సందర్శకులు సిస్టీన్ చాపెల్‌లో ఫొటో తీయకూడదన్న నిబంధన వెనక మాత్రం భక్తి కంటే ఒప్పందమే ఎక్కువ. 1980లో మొదలైన చిత్రాల శుభ్రతకు జపాన్‌కు చెందిన నిప్పన్ టీవీ డబ్బు పెట్టి, బదులుగా ఫొటో, వీడియో హక్కులు తీసుకుంది. ఆ హక్కుల గడువు ఎప్పుడో ముగిసినా నిషేధం ఉండిపోయింది.

ఫొటోకూ పోప్‌లకూ మధ్య పాత సఖ్యత లేకపోలేదు. 1867లోనే కార్డినల్ పెచ్చి ఫొటోగ్రఫీని మెచ్చుకుంటూ లాటిన్‌లో చిన్న పద్యం రాశారు. 1878లో ఆయనే పదమూడో లియో అయ్యారు. ఇప్పటి పోప్ తీసుకున్నది ఆ పేరునే.

సందర్భం తెలియకపోతే ఫొటో ఎంత దారి తప్పిస్తుందో చెప్పడానికి 2013లో ప్రపంచమంతా తిరిగిన ఒక జంట చాలు. పైన 2005 వాటికన్ జనం, చేతులు ఖాళీగా. కింద 2013 జనం, అందరి చేతుల్లో వెలుగుతున్న ఫోన్లు. ఎనిమిదేళ్లలో మనుషులెంత మారిపోయారో చూడండి అని అందరూ పంచుకున్నారు. 2013 ఫొటో కొత్త పోప్ కోసం ఎదురుచూస్తున్న సాయంత్రానిది, అంటే సంబరం. 2005 ఫొటో ఎన్నిక నాటిది కానే కాదు. రెండో జాన్ పౌల్ పార్థివ దేహాన్ని బసిలికాకు మోసుకెళ్తున్నప్పుడు తీసినది. అప్పటికి ఫోన్లలో కెమెరాలు తక్కువన్న మాట నిజమే. కానీ ఆ జనం ముందు నుంచి సాగిపోతున్నది శవయాత్ర.